తుప్పు పట్టిన హెరాల్డ్: కొనాలా, వదలాలా?

తుప్పు పట్టిన పాత స్పోర్ట్స్ కారును కొని బాగుచేయించుకోవాలా, వదిలేయాలా అన్న ప్రశ్న ముందు కాయితాల దగ్గర, ఆ తర్వాత చాసిస్ దగ్గర తేలుతుంది. ఇంజన్, రంగు, సీట్లు, అమ్మేవాడు చెప్పే ధర అన్నీ వాటి వెనకే. కొనేవాళ్లలో ఎక్కువమంది ఈ వరుసను తిరగేస్తారు. బండి రూపం చూసి మనసు పడతారు, ధర తేల్చుకుంటారు, ఇంటికి తెచ్చుకున్నాక చాసిస్ కిందికి తొంగిచూస్తారు, ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కాక కాయితాల సంగతి తెలుసుకుంటారు. సగం పనిలో ఆగిపోయి టార్పాలిన్ కింద మళ్లీ తుప్పు పట్టే కార్లకు మూలం ఇదే.

మన దేశంలో స్పోర్ట్స్ కారు అనదగ్గ బండి దొరకడమే అరుదు. లైసెన్సుల కాలంలో కార్లు చేసిన కంపెనీల్లో ముఖ్యమైనవి మూడే: ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసు శివార్లలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. ఆ మూడూ ఇంటిల్లిపాదీ ఎక్కే కార్లు చేశాయి. వేగం మీద మోజున్నవాళ్లు వాటినే మార్చుకుని, మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలకు దింపారు. ఫియట్లు, హెరాల్డ్‌లు, ఆ తర్వాత బెంగళూరు సిపానీ కంపెనీ చేసిన ఫైబర్ బాడీ డాల్ఫిన్‌లు అక్కడ పరుగెత్తాయి. రెండే సీట్లతో, ఫైబర్ బాడీతో, రెనో ఇంజన్‌తో సాన్ స్టార్మ్ అనే అసలైన దేశీ స్పోర్ట్స్ కారు వచ్చేసరికి 1990ల చివరికి వచ్చాం. అందుకే దక్షిణాదిలో పాత స్పోర్ట్స్ కారు కోసం వెతికేవాడి చూపు చివరికి స్టాండర్డ్ హెరాల్డ్ దగ్గర ఆగుతుంది.

ఆ చూపుకు కారణం ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. దాని గీత ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టిది. అదే చాసిస్‌ను పొట్టిచేసి, అదే మికెలొట్టి గీసిన బాడీ తొడిగి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఇంజన్ కూడా ఒకే కుటుంబం. మద్రాసు దగ్గర వండలూరులో 1960ల తొలినాళ్ల నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఆ లెక్కన, స్పిట్‌ఫైర్‌కు అన్న. తొలి హెరాల్డ్‌లకు రెండు తలుపులే. నాలుగు తలుపుల హెరాల్డ్ ఆ తర్వాత వచ్చింది, అది ఒక్క ఇండియాలోనే తయారైంది. 1972లో అదే కంపెనీ తెచ్చిన గెజెల్ అనే కారు దాని స్థానం తీసుకుంది.

ముదిగుబ్బలో, అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు పక్కన ఒక పాత షెడ్డులో 1960ల నడుమ నాటి రెండు తలుపుల హెరాల్డ్ అమ్మకానికి ఉందనుకుందాం. కొనాలనేవాడు అల్లుడు, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పని. వద్దనేవాడు మేనమామ, లారీల షెడ్డులో జీవితమంతా గడిపిన మెకానిక్. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది కాబట్టి వాళ్ల మాటల్లోనే విషయాన్ని వరుసగా చూడవచ్చు.

మామ: ఏమప్పా అల్లుడూ, ఆ షెడ్డులో కారు చూసొచ్చినావంట. నాలుగు చక్రాల్లో ఒక్కటీ తిరగదు, బ్రేకులు పట్టేసినాయి. దాన్ని కొని ఏం చేద్దామని?

అల్లుడు: బాగుచేయించి నడుపుదామని మామా. అట్లాంటి బండి మళ్లీ దొరకదు.

మామ: నువ్వు పనిచేసే చోటికి పక్కనే ఎర్రమంచిలో కియా వాళ్లు ఏడాదికి మూడు లక్షల కార్లు చేసేంత ఫ్యాక్టరీ పెట్టినారు. 2019 నుంచి కార్లు బయటికొస్తానే ఉన్నాయి. నడపడానికే అయితే వాయిదాల మీద అట్లాంటిది ఒకటి తీసుకో. ఇప్పటి కారు రేకును రంగు వేసే ముందు మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటుతో ప్రైమర్ పట్టిస్తారు. మూలమూలకూ పోతుంది అది. హెరాల్డ్ రేకుకు అట్లాంటి కాపు ఎక్కడిది? పైన తుపాకీతో కొట్టిన రంగు, లోపల ఉత్త ఇనుము.

అల్లుడు: అది రోజూ చూస్తున్నా కాబట్టే ఇది కావాలంటున్నా. అక్కడ బాడీ మొత్తం ఒకే ముద్దగా అతుకుతారు, మనిషి చెయ్యి పడే చోటు తక్కువ. హెరాల్డ్ అట్లా కాదు. బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించినది. పైకప్పు కూడా బోల్టులు విప్పితే ఊడొస్తుంది. బానెట్, రెండు ముందు మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు వంగుతాయి. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. స్పానర్లతో నేర్చుకోదగ్గ కారు అంటే అదే కదా మామా.

అల్లుడు చెప్పిన నిర్మాణం వెనక ఒక వ్యాపార కారణం ఉంది. ఇంగ్లండులో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి పూర్తి బాడీలు చేసిపెట్టే సంస్థ, పోటీదారైన బీఎంసీ చేతికి పోయింది. దాంతో చిన్న చిన్న షాపుల్లో వేర్వేరుగా చేయించిన ముక్కలను విడి చాసిస్ మీద బిగించే పద్ధతికి కంపెనీ వెళ్లింది. అప్పటికే చాలా కార్లు చాసిస్ వదిలేసి మోనోకాక్ పద్ధతికి మారుతున్నాయి. ఇబ్బందిలోంచి పుట్టిన ఈ పాత పద్ధతే ఇవాళ హెరాల్డ్‌ను బాగుచేసేవాడికి పెద్ద మేలు. ఫియట్ 1100లోనో పద్మినిలోనో తలుపుల కింది అంచు తుప్పుకు తినబడితే కారు నడుము విరిగినట్టే, ఎందుకంటే బరువు మోసేది ఆ రేకే. హెరాల్డ్‌లో బరువు మోసేది చాసిస్. తలుపుల కింది రేకు పోతే విప్పి మార్చుకోవచ్చు.

మామ: ఆ చాసిస్సే పోతే?

అల్లుడు: పోయిందో లేదో చూస్తే తెలుస్తుంది. ఆ కారు చాన్నాళ్లుగా ముదిగుబ్బలోనే ఉంది. మన సీమ ఎండకు తుప్పు అంత తొందరగా రాదు.

మామ: మన ఎండ మంచిదే. కానీ అది ముదిగుబ్బలో పుట్టలేదు అల్లుడూ. ఇక్కడికి వచ్చేముందు ఎన్నేళ్లు మద్రాసులో తిరిగిందో, అక్కడి ఉప్పుగాలి ఎంత పీల్చిందో నీకెట్లా తెలుసు?

ఈ ఇద్దరి మాటా నిజమే. తుప్పు అంటే ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసి జరిపే చర్య. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటినప్పుడు ఆ చర్య జోరందుకుంటుంది. ఉప్పు తగిలితే అంతకన్నా తక్కువ తేమలోనే మొదలవుతుంది, ఎందుకంటే ఉప్పు గాలిలోని తడిని లాగి ఇనుము మీద పట్టి ఉంచుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల ప్రాంతం. చెన్నైలో అది దాదాపు 1,400. పైగా చెన్నైది సముద్రపు గాలి. ఒకే ఏడాది తయారైన రెండు హెరాల్డ్‌లలో ఒకటి మెరీనా దగ్గర, ఇంకొకటి ముదిగుబ్బలో నిలబడి ఉంటే రెండింటి ఇనుము ఒకేలా ఉండదు. అయితే తుప్పుకు ఒక గుణం ఉంది. అది ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే చోట మొదలైతే ఉబ్బి వాటిని విడదీస్తుంది, ఆ సందులోకి మళ్లీ తడి చేరుతుంది. పొరలు కట్టిన తుప్పు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఎండ ప్రాంతానికి వచ్చాక కూడా వానాకాలంలో లోపల పని సాగుతూనే ఉంటుంది. కారు ఇప్పుడు ఎక్కడ ఉందన్నదానికన్నా మొదటి ఇరవై ఏళ్లు ఎక్కడ ఉందన్నదే ఎక్కువ చెబుతుంది. ఆ సంగతి ఆర్సీ బుక్కులో ఓనర్ల అడ్రసులు చూస్తే బయటపడుతుంది.

అల్లుడు: అయితే చాసిస్ ఎట్లా చూడాల్నో నువ్వే చెప్పు మామా. నాకన్నా నీకే బాగా తెలుసు.

మామ: చెబుతా, విను. ముందు ఒక అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి జేబులో వేసుకో. మడ్‌గార్డుల మీద, తలుపుల కింద, డిక్కీ చుట్టూ ఆనించు. అంటుకోని చోట ఇనుము లేదు, లప్పమే ఉంది. అది చూసి భయపడాల్సిన పని లేదు, ఎంత లప్పమో తెలిస్తే చాలు. ఆ తర్వాత జాకీ పెట్టి బండి లేపి, స్టాండ్లు పెట్టి కిందికి దూరు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎప్పుడూ కిందికి పోవద్దు. నడుమ నిడివిగా పోయే రెండు ప్రధాన దూలాలు ఉంటాయి. వాటి నుంచి పక్కలకు చేతుల్లా చాచిన ముక్కలు ఉంటాయి, బాడీ వాటి మీదే కూర్చుంటుంది. తుప్పు మొదట ఆ చేతులను తింటుంది. వెనక డిక్కీ కింది చివర్లను కూడా. పాత స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి జానెడుకూ ఒకసారి గట్టిగా పొడువు. టంగుమని మోగితే మంచిది. మెత్తగా దిగిందంటే అక్కడ ఇనుము లేదు.

అల్లుడు: చేతుల్లో దిగితే?

మామ: చేతుల్లో దిగితే కొత్తవి చేయించి అతికించుకోవచ్చు, అది పని. ప్రధాన దూలాల్లో దిగితే, ముఖ్యంగా వెనక డిఫరెన్షియల్, పట్టీ స్ప్రింగు బిగించిన చోట దిగితే లేచి బట్టలు దులుపుకుని ఇంటికి వచ్చేయ్. ఇంకొకటి. బండి నేల మీద ఉన్నప్పుడు తలుపు మూసి చూడు, జాకీ మీద ఉన్నప్పుడు మళ్లీ మూసి చూడు. సందు మారి తలుపు పట్టేస్తే చాసిస్ వంగుతోందని అర్థం.

మామ చెప్పిన ఈ పరీక్షకు ఒక పూట చాలు. ఖర్చు ఏమీ లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచే పనికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే ఒక సమాధానం. పరీక్షించాల్సిన మరో చోటు ముందు చక్రాల దగ్గరుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌ల ముందు సస్పెన్షన్‌లో కింద ట్రనియన్ అనే ఇత్తడి ముక్క ఉంటుంది. చక్రాన్ని మోసే నిలువు ఇనుప ముక్క చివర మరలు చెక్కి ఉంటాయి, అవి ఆ ఇత్తడిలో తిరుగుతాయి. కంపెనీ పుస్తకం ప్రకారం అక్కడ పోయాల్సింది గేర్ ఆయిల్. చాలా షెడ్లలో అన్ని నిప్పుల్స్‌తో పాటు దానికీ గ్రీజే కొడతారు. గ్రీజు మరల లోతుకు పోదు. కింద నీరు చేరి మరలు తుప్పు పడతాయి, అరుగుతాయి, ఒక రోజు ఆ ముక్క విరిగి చక్రం లోపలికి మడుచుకుంటుంది. బండి ఎంత బాగా కనబడినా, ఈ రెండు నిలువు ముక్కలను విప్పి చూడకుండా రోడ్డెక్కించకూడదు. పాత బండి విషయంలో ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఇదీ, బ్రేకు పైపులూ. మిగతావన్నీ సౌకర్యానికి సంబంధించినవి.

మామ: ఇనుము సంగతి అయింది. కాయితాలు?

అల్లుడు: ఆర్సీ బుక్కు ఉందని చెప్పినారు. చూపించలేదు.

మామ: చూపించలేదంటే లేదనుకో. ఇంజన్ లేకపోతే ఇంజన్ దొరుకుతుంది, సీటు లేకపోతే సీటు కుట్టించుకోవచ్చు. ఆర్సీ లేని బండిని యాడికి తీసుకుపోతావు? తుక్కు కింద తూకానికి అమ్మాల్సిందే.

అల్లుడు: పాత కార్లకు ఇప్పుడు వేరే రూల్స్ వచ్చినాయి మామా. యాభై ఏళ్లు దాటినవాటిని వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తారు.

అల్లుడు చెబుతున్నది 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ మోటారు వాహనాల నియమావళిలో చేర్చిన నిబంధనల గురించే. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా మొదటి రూపంలోనే ఉన్న కార్లు, బైకులు వింటేజ్ కిందికి వస్తాయి. కొత్తగా ఇలా రిజిస్టర్ చేయడానికి రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ఆ తర్వాత పొడిగించుకోవడానికి 5,000. కొత్త రిజిస్ట్రేషన్లకు రాష్ట్రం కోడ్ పక్కన వీఏ అన్న అక్షరాలతో నంబరు ఇస్తారు. ముందే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు ప్లేటు అంటే మమకారం ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం.

దీనికి ఒక హద్దు ఉంది. వింటేజ్ కింద రిజిస్టరైన బండిని రోజువారీ ప్రయాణానికి గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే అనుమతి. ముదిగుబ్బ నుంచి పెనుకొండకు రోజూ డ్యూటీకి పోవాలనుకునేవాడికి ఈ దారి పనికిరాదు. అతను మామూలు రిజిస్ట్రేషన్‌నే నిలబెట్టుకోవాలి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ పైన ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000కు పెరిగింది, 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 అయింది. గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి అదనపు రుసుము వేరే.

మామ: చూడప్పా, నీ రూల్లో కూడా ఆర్సీ కావాలనే ఉంది కదా. ఓనరు చనిపోయి ఉంటే వారసులు ఎవరో తేలాలి, వాళ్ల పేరు మీదికి మారాలి, ఆ తర్వాత నీ పేరు. తమిళనాడు బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. ఒక్క సంతకం పెట్టాల్సిన కొడుకు అమెరికాలో ఉంటే నీ కారు షెడ్డు దాటదు.

అల్లుడు: అది ఒప్పుకుంటా మామా. డబ్బు చేతిలో పెట్టకముందే ఆర్సీ తీసుకుని చాసిస్ మీది నంబరు, ఇంజన్ మీది నంబరు సరిచూస్తా. ఒక్క అంకె తేడా ఉన్నా వద్దులే.

వాదనలో మొదటిసారి ఇద్దరూ కలిసిన చోటు ఇది. ఒక సంగతిని మాత్రం ఇద్దరూ విడిచిపెట్టారు. హెరాల్డ్ పైకప్పు బోల్టులతో ఊడుతుంది కాబట్టి, దాన్ని తీసేసి ఓపెన్ కారుగా, స్పిట్‌ఫైర్ పోలికగా మార్చుకోవాలన్న కోరిక చాలామందికి పుడుతుంది. అలా బాడీని మార్చిన బండి మొదటి రూపంలో లేనట్టే, వింటేజ్ నిబంధన దానికి వర్తించదు. మార్పును ఆర్సీలో రాయించకుండా రోడ్డు మీద తిప్పడం కూడా చట్టానికి విరుద్ధం. స్పోర్ట్స్ కారు కావాలన్న కోరికతో, ఉన్న మంచి కారును కోసేసుకోవడం కన్నా పెద్ద నష్టం ఈ విషయంలో లేదు. అమ్మకానికి ఉన్న హెరాల్డ్‌ను ఎవరైనా ముందే ఇలా కోసి ఉంటే దాన్ని విడిభాగాల కోసం తప్ప కొనకూడదు.

మామ: సరే, ఇనుము బాగుంది, కాయితం ఉంది అనుకుందాం. పని ఎవరు చేస్తారు? నేను లారీ మనిషిని. ఆర్క్ వెల్డింగ్ పెడితే లారీ చాసిస్ అతుకుతుంది, నీ హెరాల్డ్ రేకు కాలి చిల్లుపడుతుంది. మిల్లీమీటరు మందం కూడా ఉండదు అది.

అల్లుడు: సీఓటూ వెల్డింగ్ చేసేవాళ్లు ధర్మవరంలో, హిందూపురంలో ఉన్నారు కదా. మడ్‌గార్డు వంపు తిప్పగలిగిన పాత టింకర్లు కూడా ఇంకా ఉన్నారు. వాళ్లూ పెద్దవాళ్లైపోతున్నారు. ఇప్పటి షాపుల్లో సొట్ట పడిన తలుపును కొట్టి సరిచేయడం లేదు, తీసేసి కొత్తది బిగిస్తున్నారు. ఆ చేతిపని తెలిసినవాళ్లకు ఇట్లాంటి పని దొరికేది ఇంకెన్నాళ్లు మామా?

మామ: అది మాత్రం నిజం. చెక్క సుత్తి, ఇసుక సంచి పెట్టుకుని రేకును చెంబులా గుండ్రంగా తిప్పేవాళ్లను చూసినా. వాళ్ల కొడుకులు ఆ పనికి రాలేదు.

అల్లుడి వాదనలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. పాత కారును బాగుచేయడానికి పెట్టే ఖర్చులో పెద్ద భాగం సామానుకు పోదు, చేతిపనికి పోతుంది. కొత్త కారు కొన్న డబ్బు ఫ్యాక్టరీకీ బ్యాంకుకీ చేరుతుంది. హెరాల్డ్ మీద పెట్టింది టింకరుకు, లేత్ పనివాడికి, సీట్లు కుట్టేవాడికి, రంగు వేసేవాడికి చేరుతుంది. ఆ పని తెలిసిన మనిషి ఉన్నంతకాలమే ఈ బండ్లు బతుకుతాయి. పదేళ్లు ఆగి కొందామనుకుంటే కారు అక్కడే ఉండవచ్చు, దాన్ని తిప్పగల చెయ్యి ఉండదు. కొనాలా వద్దా అన్న నిర్ణయానికి గడువు పెట్టేది ఇదే.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హెరాల్డ్‌ది 948 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్, లోపల చిక్కుముడులు లేవు. పట్టేసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు నానబెట్టి, నెమ్మదిగా చేత్తో తిప్పి చూస్తారు. తిరగకపోతే విప్పి, బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. ఈ పని ఏ పట్టణంలోనైనా అవుతుంది. టైర్లు 13 అంగుళాలవి, ఆ సైజు ఇప్పటి చిన్న కార్లకూ వస్తుంది. విడిభాగాల కోసం బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజరీ, చెన్నై పుదుపేట తిరగాలి. అక్కడ దొరకనివి ఇంగ్లండులో దొరుకుతాయి. స్పిట్‌ఫైర్‌లు అక్కడ మూడు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి వాటి సామాన్ల వ్యాపారం ఇంకా నడుస్తోంది. కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలుపుకుంటే ధర పెరుగుతుంది గానీ వస్తువు దొరకదన్న భయం లేదు. గెజెల్ కోసం, నాలుగు తలుపుల హెరాల్డ్ కోసం వెతికేవాడికి ఈ ధైర్యం ఉండదు. వాటి తలుపులు, వెనక భాగాల రేకులు ఇండియాలో తప్ప ఎక్కడా తయారు కాలేదు. రెండు తలుపుల బండిని ఎంచుకోవడానికి అందంకన్నా ఇది మంచి కారణం.

మామ: పెట్రోలు సంగతి మరిచిపోయినావు. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. ఆ కాలం రబ్బరు పైపులు, పంపులో డయాఫ్రం దానికి తట్టుకోవు. మెత్తబడి కారతాయి. కారిన పెట్రోలు వేడి ఇంజన్ మీద పడితే చెప్పక్కర్లేదు.

అల్లుడు: పైపులన్నీ కొత్త రకంవి వేయిస్తా. ట్యాంకు కడిగిస్తా. హెడ్డు విప్పినప్పుడే వాల్వ్ సీట్లు గట్టివి పెట్టిస్తా, సీసం లేని పెట్రోలుకు పాత సీట్లు అరిగిపోతాయని నువ్వే చెప్పినావు కదా.

మామ: చెప్పినా. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పటి నుంచి పాత హెడ్లు ఎన్ని అట్లా వచ్చినాయో. ఇథనాల్‌కు ఇంకొక గుణం ఉంది, నీళ్లను పట్టుకుంటుంది. నెలల తరబడి నడపకుండా ట్యాంకులో వదిలితే లోపలి నుంచి తుప్పు. నీకు డ్యూటీలు, షిఫ్టులు. వారానికి ఒక్కసారైనా తీస్తావా?

ఈ ప్రశ్నకు అల్లుడి దగ్గర వెంటనే జవాబు లేదు. పాత కారు కొనే నిర్ణయంలో డబ్బుకన్నా తరచుగా తక్కువ పడేది సమయమే. వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోడ్డు మీదికి వచ్చే సందర్భాలు ఇంకా తగ్గుతాయి. అప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉంచడం, బ్యాటరీ వైరు విప్పి పెట్టడం, టైర్ల మీద బరువు తగ్గించడం, ఎలుకలు దూరకుండా చూడటం అన్నీ ఓనరు పనులే అవుతాయి. వేరుశనక్కాయల మూటలున్న ఇంట్లో కారు పెట్టినవాడికి వైర్లు కొరికే ఎలుకల సంగతి చెప్పనవసరం లేదు.

మామ: చివరి మాట. ఎంత పెడతావో ముందే చెప్పు.

అల్లుడు: వాళ్లు అడిగే ధర ఎక్కువేం కాదు మామా.

మామ: అడిగే ధర లెక్కలోకే రాదు అల్లుడూ. ఊరకే ఇచ్చినా సరే. టింకరింగ్, రంగు, ఇంజన్, బ్రేకులు, వైరింగ్, సీట్లు, టైర్లు, రవాణా, ఆర్టీవో ఒక్కొక్కటి కాయితం మీద రాయి. ఒక్కోదానికి షాపులో అడిగి రాయి, ఊహించి కాదు. మొత్తం వేసి దాన్ని రెట్టింపు చేయి. ఆ డబ్బు తిరిగి రాకపోయినా ఇంట్లో పిల్లల ఫీజు ఆగకూడదు. అట్లా ఉంటే కొను. అప్పు తెచ్చి మాత్రం వద్దు.

అల్లుడు: అమ్మితే తిరిగి రావచ్చు కదా?

మామ: వస్తుందని కొనొద్దు.

ఈ చివరి మాట విషయంలో మామదే పైచేయి. పాత కార్ల ధర అరుదుదనం మీద, అసలు రూపం మీద, పేరు మోసిన ఓనర్ల మీద ఆధారపడుతుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్‌ను చూసేవాళ్లు చరిత్రను చూడటానికి వస్తారు. హెరాల్డ్ మామూలు ఉద్యోగులు, డాక్టర్లు, లాయర్లు తోలిన కారు. దాని మీద పెట్టిన చేతిపని ఖర్చు అమ్మకపు ధరలో పూర్తిగా తిరిగి రావడం చాలా అరుదు. పెట్టుబడిగా చూస్తే కొనకూడని బండి అది. విప్పి, తెలుసుకుని, తిరిగి బిగించి, నడిపించే పనికోసం కొనేవాడికి మాత్రం ఇంతకన్నా అనువైన కారు దక్షిణాదిలో దొరకడం కష్టం.

అల్లుడు కొనవచ్చు. ముందు ఆర్సీ బుక్కు చేతికి రావాలి, అందులోని చాసిస్ నంబరు బండి మీది నంబరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి, ఓనరో ఆయన వారసులో సంతకానికి అందుబాటులో ఉండాలి. ఆ తర్వాత మామను వెంటబెట్టుకుని పోయి చాసిస్ ప్రధాన దూలాలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. పక్క చేతులు పోయినా, తలుపుల కింది రేకులు పోయినా, ఇంజన్ పట్టేసినా వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆర్సీ లేకపోయినా, దూలాల్లో స్క్రూడ్రైవర్ దిగినా, ఎంత తక్కువకు ఇస్తామన్నా ఆ హెరాల్డ్‌ను అక్కడే వదిలేయాలి.